ఆకు మందు, షుగర్ మాత్ర: ఒకే కడుపులో రెండూ పడితే?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా షుగర్ మీదే, అందులోనూ చాలామటుకు ఒకటే అడుగుతున్నారు, మాత్రలు వేసుకుంటూ చూర్ణాలు, కషాయాలు కూడా వాడొచ్చా అని. కొందరు అడగట్లేదు కూడా, వాడేస్తున్నాం, తర్వాత ఇలా అయింది అని చెప్తున్నారు. అందుకని ఈ సంచిక మొత్తం దానికే. ఇక్కడ రాసేదంతా టైప్ 2 షుగర్ గురించే. టైప్ 1 వాళ్ళ సంగతి వేరు, వాళ్ళకి ఇన్సులిన్ మానడమంటే ప్రాణం మీదకి తెచ్చుకోవడమే.

ప్రశ్న: మా ఆయనకి 57 ఏళ్ళు, షుగర్ వచ్చి తొమ్మిదేళ్ళు అవుతోంది. పొద్దున గ్లిమెపిరైడ్ 2, రెండు పూటలా మెట్‌ఫార్మిన్ 500 వేసుకుంటారు. రెండు నెలల కింద మా ఆడపడుచు భర్త చెప్పారని పొడపత్రి చూర్ణం, పరగడుపున కాకరకాయ రసం మొదలుపెట్టారు. పరగడుపు షుగర్ 150 నుంచి 95కి దిగింది, మేం సంబరపడ్డాం. పది రోజుల నుంచి మాత్రం మధ్యాహ్నం భోజనానికి ముందు చెమటలు, చేతులు వణకడం, మొన్న ఒకసారి మాట తడబడింది కూడా, మీటర్ పెడితే 58 చూపించింది. ఆయనేమో మందు పనిచేస్తోంది, ఇంక టాబ్లెట్లు ఆపేస్తా అంటున్నారు. డాక్టర్‌కి చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు. నాకు భయంగా ఉంది.

జవాబు: అమ్మా, ముందు ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టండి. ఇవాళే మీ డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి. 70 కంటే తగ్గితే లో షుగర్ అంటాం, 54 కంటే తగ్గితే సీరియస్, మీ ఆయన ఆ గీతకి నాలుగు పాయింట్ల పైన ఉన్నారు, పైగా మాట తడబడిందంటే మెదడుకి అప్పటికే చక్కెర చాలట్లేదన్నమాట.

ఏం జరుగుతోందో చెప్తా. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలన్నీ ఒక కుటుంబం, ఇవి క్లోమాన్ని పిండి ఇన్సులిన్ బయటికి తెప్పిస్తాయి. ఒంట్లో షుగర్ ఎక్కువుందా తక్కువుందా అని ఇవి చూడవు, పిండటమే వీటి పని. మెట్‌ఫార్మిన్ అలా కాదు, అది ప్రధానంగా లివర్ తయారుచేసే చక్కెరని తగ్గిస్తుంది, కాబట్టి మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకి షుగర్ పడిపోవడం అరుదు. మీ ఆయనకి మెట్‌ఫార్మిన్ ఒక్కటే ఉండుంటే నేను ఇంత కంగారు పడేవాణ్ణి కాదు. పిండే మాత్ర ఒకటి ఉంది, దాని మీద షుగర్ తగ్గించే గుణం ఉన్న రెండు మొక్కలు తెచ్చి కలిపారు. ఇది కొత్త సంగతేమీ కాదు, 1979లోనే లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇలాంటి కేసు ఒకటి వచ్చింది, క్లోర్‌ప్రొపమైడ్ అనే అప్పటి షుగర్ మాత్ర వాడుతున్న ఒకావిడ కాకరకాయ తింటుంటే మాత్ర ప్రభావం పెరిగినట్టు కనపడింది. అది రోజువారీ కూర సంగతి, మరి పరగడుపున గ్లాసుడు రసం సంగతి మీరే ఆలోచించండి.

షుగర్ పడినప్పుడు ఏం చెయ్యాలంటే, 15 గ్రాముల గ్లూకోజ్ నీళ్ళల్లో కలిపి తాగించండి, 15 నిమిషాలు ఆగి మీటర్ పెట్టండి, ఇంకా 70 దాటకపోతే మళ్ళీ అంతే ఇవ్వండి. దాటాక భోజనం పెట్టండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది, హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి. ఇంకో సంగతి, చాలామందికి తెలీదు ఇది, అకార్బోస్ గానీ వోగ్లిబోస్ గానీ వాడేవాళ్ళకి మామూలు పంచదార త్వరగా పనిచెయ్యదు, ఆ మాత్రలు పంచదారని విడగొట్టే ఎంజైమ్‌నే ఆపేస్తాయి మరి. వాళ్ళకి గ్లూకోజ్ పొడే కావాలి. గ్లిమెపిరైడ్ ప్రభావం రోజంతా ఉంటుంది కాబట్టి ఒకసారి పైకొచ్చిన షుగర్ మళ్ళీ పడొచ్చు, ఆ రోజంతా ఒక కన్నేసి ఉంచండి, బండి నడపనివ్వకండి.

ఇక ఏది ఆపాలి అనేది. డాక్టర్ దొరికేలోపు చూర్ణమూ రసమూ ఆపండి. ఎందుకంటే మాత్రలో 2 మిల్లీగ్రాములంటే ఇవాళా 2, రేపూ 2. చూర్ణంలో అలా ఉండదు, ఆకు ఏ నేలలో పెరిగింది, ఎప్పుడు కోశారు, ఎలా ఎండబెట్టారు అన్నదాన్ని బట్టి ఈ డబ్బాకీ పై డబ్బాకీ తేడా వస్తుంది. రేపు పొద్దున వేసుకోవాల్సిన గ్లిమెపిరైడ్ సంగతి మాత్రం డాక్టర్‌ని అడిగే తేల్చండి, సాధారణంగా ఇలాంటప్పుడు ముందు తగ్గించేది దాన్నే, మెట్‌ఫార్మిన్‌ని కాదు. మీ ఆయన అనుకుంటున్నట్టు సొంతంగా మొత్తం మాత్రలు మానేస్తే ఏమవుతుందో చెప్పనా, మొదటి రెండు వారాలు ఏమీ అనిపించదు. అదే అసలు ప్రమాదం. షుగర్ 250 ఉన్నా చాలామంది హాయిగానే తిరుగుతుంటారు, ఈలోపు కళ్ళలో, కిడ్నీల్లో సన్న రక్తనాళాలు చెడుతుంటాయి.

పొడపత్రి పనికిరాదని మాత్రం నేననను. 1990లో అచ్చయిన ఒక అధ్యయనంలో 22 మంది టైప్ 2 వాళ్ళకి వాళ్ళ మాత్రలతో పాటే రోజుకి 400 మిల్లీగ్రాముల పొడపత్రి సారం 18 నుంచి 20 నెలలు ఇచ్చారు, చాలామందికి మాత్రల డోసు తగ్గించగలిగారు, ఐదుగురు మాత్రలు పూర్తిగా ఆపగలిగారు. బాగానే ఉంది కదా? కానీ 22 మందే, చిన్న లెక్క, దానిమీద ఊరందరికీ సలహా చెప్పలేం. ఇంకోటి గమనించండి, అక్కడ మాత్ర తగ్గించింది కొలిచి చూస్తున్న వైద్యులు, బావగారు కాదు.

మీ ఆయనకి బీపీ కోసం అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటివి ఏమన్నా ఇచ్చారేమో చూడండి. అవి ఉంటే షుగర్ పడేటప్పుడు వచ్చే వణుకు, గుండె దడ సరిగ్గా తెలియవు, చెమట మాత్రమే మిగులుతుంది. అలాంటివాళ్ళు ఊరికే చెమట పట్టినా మీటర్ పెట్టుకోవాలి.

ప్రశ్న: ఇంగ్లీషు మందులు కెమికల్స్, మూలికలు ప్రకృతి ఇచ్చినవి. సైడ్ ఎఫెక్ట్ లేని వాటిని మీ డాక్టర్లు ఎందుకు వద్దంటారో ఇంతవరకు నాకు అర్థం కాలేదు.

జవాబు: మీరు కెమికల్ అంటున్న మెట్‌ఫార్మిన్ కథ కూడా ఒక మొక్క దగ్గరే మొదలైందండీ. యూరప్‌లో గలేగా అని ఊదారంగు పూల మొక్క ఒకటుంది, పాతకాలంలో నాటువైద్యంలో వాడేవాళ్ళు. అందులో షుగర్‌ని తగ్గించే పదార్థం ఉంది, అదే మొక్క ఎక్కువ మేస్తే గొర్రెలు చచ్చిపోతాయి. అంటే మందూ విషమూ ఒకే ఆకులో ఉన్నాయి. ఆ జాతి రసాయనాల్లో కాస్త నెమ్మదైనదాన్ని పట్టుకుని 1957లో ఫ్రాన్స్‌లో జీన్ స్టెర్న్ అనే వైద్యుడు షుగర్ రోగులకి వాడిన ఫలితాలు ప్రచురించాడు, అదే మెట్‌ఫార్మిన్. దాని తోబుట్టువు ఫెన్‌ఫార్మిన్ రక్తంలో లాక్టిక్ ఆసిడ్ పేరుకుపోయేలా చేసి ప్రాణాలు తీస్తోందని 1970ల్లో చాలా దేశాలు తీసేశాయి. కాబట్టి మొక్కా మాత్రా అని రెండు కులాలు లేవు. పనిచేసేదైతే ఎక్కువైనప్పుడు ఎదురు తిరుగుతుంది కూడా, అస్సలు ఏ సైడ్ ఎఫెక్టూ లేదంటే అసలు ఎఫెక్టే ఉందా అని నాకు డౌట్ వస్తుంది.

ప్రశ్న: ఒకాయన దగ్గర క్యాప్సూల్స్ తీసుకుంటున్నాను, డబ్బా మీద పేరూ లేదు, ఏమేం కలిపారో లేదు, రహస్య మూలికలు అన్నారు. నిజం చెప్పాలంటే అద్భుతం, ఐదు రోజుల్లో 290 నుంచి 110కి వచ్చింది. అల్లోపతి మానేయమన్నారు, మానేశాను. కొనసాగించనా?

జవాబు: ఆ వేగం చూసే నాకు అనుమానం. ఏ మూలికా నాకు తెలిసి ఐదు రోజుల్లో 180 పాయింట్లు దించదు, దించేది ఏదో నాకు బాగా తెలుసు, మీకు ఇదివరకు డాక్టర్ రాసిచ్చినలాంటి మాత్రే దాంట్లో పొడి చేసి కలిపి ఉండొచ్చు. మూలికా క్యాప్సూల్స్‌లో గ్లిబెన్‌క్లమైడ్ దొరకడం, నిషేధించిన ఆ ఫెన్‌ఫార్మిన్ దొరకడం, రెండూ చాలా దేశాల్లో ప్రభుత్వ ల్యాబుల్లో బయటపడ్డవే. సింగపూర్‌లో 2008లో ఏమైందంటే, జనవరి నుంచి మే లోపు షుగర్ జబ్బే లేని 150 మంది దాకా తీవ్రమైన లో షుగర్‌తో హాస్పిటళ్ళలో చేరారు, మగతనం పెంచుతాయని అమ్మిన మందుల్లో గ్లిబెన్‌క్లమైడ్ కలిసి ఉంది. నలుగురు చనిపోయారు. వాళ్ళు వేసుకున్నది షుగర్ మందని వాళ్ళకే తెలీదు.

ఇంకొకటి లోహాల సంగతి. 2004లో అమెరికాలోని బోస్టన్ చుట్టుపక్కల దుకాణాల్లో అమ్మే 70 ఆయుర్వేద మందుల్ని పరీక్షిస్తే 14 మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి మోతాదుకి మించి కనపడింది, అంటే ఐదింటికి ఒకటి. అన్నీ అలాంటివే అనడం అన్యాయం, మిగతా నాలుగింటిలో లేవు కదా. కానీ మీ డబ్బా ఆ నాలుగింటిలోదో ఐదోదో పేరు కూడా లేని డబ్బా చూసి ఎలా చెప్పను?

మీరు చెయ్యాల్సింది ఇదీ. క్యాప్సూల్స్ పారెయ్యకండి, డబ్బాతో సహా డాక్టర్‌కి చూపించండి, కిడ్నీ, లివర్ టెస్టులు చేయించండి. కానీ ఇవాళ ఇవి ఆపేసి, పాత మందూ లేకుండా ఇంట్లో కూర్చోవద్దు, షుగర్ మళ్ళీ 290కి పోతుంది, కాబట్టి ఈ మార్పు ఒకటి రెండు రోజుల్లోనే డాక్టర్ దగ్గర జరిగిపోవాలి. మాటలో మాట, కీళ్ళ నొప్పులకని ఇలాంటి పేరు లేని పొడులు వాడేవాళ్ళు కూడా వినండి, వాటిల్లో స్టెరాయిడ్ కలిపిన కేసులు చాలానే ఉన్నాయి, స్టెరాయిడ్ షుగర్‌ని అమాంతం పెంచుతుంది. నొప్పి మాయమైంది, షుగర్ మాత్రం ఎందుకో కంట్రోల్ కావట్లేదు అంటే ముందు ఆ పొట్లం మీదే అనుమానపడండి. అది కూడా టక్కున ఆపకూడదు, చాలాకాలం వాడిన స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపితే ఒళ్ళు తట్టుకోలేదు, డాక్టర్ మెల్లగా తగ్గించాలి.

ప్రశ్న: రోజూ పొద్దున్నే మెంతుల పొడి నీళ్ళల్లో కలుపుకుని అందులోనే థైరాయిడ్ మాత్ర, మెట్‌ఫార్మిన్ మింగేస్తాను, పని ఐపోతుందని. తప్పా?

జవాబు: మెంతులు తప్పు కాదు, ఆ టైమింగ్ తప్పు. మెంతుల్లో ఉన్న పీచు కడుపులో జిగురులా ఉబ్బి చక్కెర రక్తంలోకి ఎక్కడాన్ని నెమ్మది చేస్తుంది, దాని లాభమే అది. అదే జిగురు మాత్రల్ని కూడా పట్టుకుని ఆలస్యం చేస్తుంది. థైరాయిడ్ మాత్ర ఖాళీ కడుపున ఒట్టి నీళ్ళతో వేసుకోండి, మెంతులు దానికి నాలుగు గంటల దూరం పెట్టండి, మెట్‌ఫార్మిన్ భోజనంతో వేసుకోండి. ఇసబ్‌గోల్‌కి కూడా ఇదే లెక్క. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్ళు మెంతుల్ని మందులాగా మొదలుపెట్టే ముందు డాక్టర్‌కి చెప్పి ఐఎన్ఆర్, అంటే రక్తం ఎంత త్వరగా గడ్డకడుతోందో చూసే టెస్ట్, చేయించుకోవాలి. వేరుశనగ, శనగ పడనివాళ్ళకి మెంతులూ పడకపోవచ్చు. అన్నట్టు చెమటకి, మూత్రానికి ఒకరకం తియ్యటి వాసన వస్తే హడలిపోకండి, అది మెంతుల వాసనే.

ప్రశ్న: మా మామగారికి 71, షుగర్ 20 ఏళ్ళ నుంచి, క్రియాటినిన్ 2.1 ఉంది. ఆయన ఇమ్యూనిటీకని తిప్పతీగ, కిడ్నీ శుభ్రానికని ఏవో వేర్ల కషాయం తాగుతున్నారు, నేను చెప్తే వినరు. అంత హాని ఏముంటుందండీ?

జవాబు: మీ మామగారి విషయంలో నేను చాలా స్ట్రిక్టుగా చెప్తున్నాను, వద్దు. క్రియాటినిన్ అంటే కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం, అది 2.1 ఆ వయసులో ఉందంటే కిడ్నీల శక్తి మూడో వంతుకి అటూ ఇటూగా మిగిలి ఉంటుంది. ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు వడకట్టే శక్తి లెక్క, 30 కంటే తగ్గితే మెట్‌ఫార్మినే ఆపేస్తాం, అంత జాగ్రత్తగా కొలిచే చోట ఏ వేరో తెలీని కషాయానికి చోటెక్కడిది? 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడటానికని చైనా మూలికలు వాడిన ఆడవాళ్ళు చాలామందికి కిడ్నీలు పూర్తిగా పోయాయి, కారణం అరిస్టొలోకియా జాతి మొక్కల్లో ఉండే అరిస్టొలోకిక్ ఆసిడ్. మన ఈశ్వరి వేరుది కూడా ఆ జాతే. పైగా కొన్ని ఆకురసాల్లో పొటాషియం ఎక్కువ, కిడ్నీ సరిగా లేనివాళ్ళు దాన్ని బయటికి పంపలేరు, అది గుండె లయని తప్పిస్తుంది.

తిప్పతీగ మీద 2021 నుంచి వైద్య పత్రికల్లో లివర్ దెబ్బతిన్న కేసులు వస్తున్నాయి, దాని మీద వాదనలూ నడుస్తున్నాయి. నా ఉద్దేశం అడిగితే, వయసు మీదపడి కిడ్నీ కూడా దెబ్బతిన్న మనిషి మీద ఆ వాదన తేలేదాకా ప్రయోగం అనవసరం. కళ్ళు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం, ఒళ్ళంతా దురద, ఆకలి చచ్చిపోవడం, ఇందులో ఏది కనపడినా అన్నీ ఆపి లివర్ టెస్ట్ చేయించండి. దాల్చినచెక్క పొడి చెంచాలు చెంచాలు మింగేవాళ్ళకి కూడా ఇదే మాట, మార్కెట్లో ఎక్కువగా దొరికే కాసియా రకంలో కూమరిన్ ఉంటుంది, అది కొందరి లివర్‌కి పడదు.

మీరు చెప్తే వినరంటున్నారు కదా, కోడలి మాట కంటే రిపోర్ట్ మాట వింటారు కొందరు. కషాయం ఆపిన నెలకి క్రియాటినిన్ మళ్ళీ చేయించి రెండు కాగితాలూ ఆయన చేతిలోనే పెట్టండి.

ప్రశ్న: మూలికలు వాడుతున్నా అని చెప్పాలంటే మా డాక్టర్ కసురుతారు. చెప్పకపోతే ఏం నష్టం?

జవాబు: నష్టం ఏంటంటే, ఆయన మీకు రాస్తున్న మందు మీకు కాదు, ఆయన ఊహించుకుంటున్న ఇంకెవరికో రాస్తున్నట్టు. చూర్ణం వల్ల తగ్గిన షుగర్ చూసి మాత్ర చాలుతోంది అనుకుంటారు, పండగో ప్రయాణమో వచ్చి మీరు చూర్ణం ఆపుతారు, షుగర్ పెరుగుతుంది, ఆయన డోసు పెంచుతారు, మీరు మళ్ళీ చూర్ణం మొదలెడతారు, ఢమాల్. నేను చూసిన లో షుగర్ కేసుల్లో ఇలాంటివి తక్కువేం కాదు, మూలిక కంటే దాన్ని దాచడమే ఎక్కువ దెబ్బ కొడుతోంది. కసరడం మాత్రం మా వాళ్ళ తప్పే, ఒప్పుకుంటున్నా, కసిరితే పేషెంట్ చూర్ణం మానడు, చెప్పడం మానేస్తాడు.

వెళ్ళేటప్పుడు డబ్బా పట్టుకెళ్ళి టేబుల్ మీద పెట్టండి, ఇది ఇన్నాళ్ళ నుంచి ఇంత వాడుతున్నా, మాత్రలు మానలేదు, ఇవీ నా మీటర్ రీడింగులు అనండి. రీడింగులు చూపిస్తే కసిరేవాళ్ళు కూడా కాస్త మెత్తబడతారు. అప్పటికీ వినకపోతే ఇంకో డాక్టర్‌ని చూసుకోండి, మందు మార్చడం కంటే అది తేలిక. కొత్తది మొదలెడితే ఒక్కటే మొదలెట్టండి, మూడు కలిపి మొదలెడితే మంచి జరిగినా చెడు జరిగినా దేనివల్లో తెలీదు. మొదటి రెండు మూడు వారాలు పరగడుపున, భోజనాలకి ముందు, పడుకునే ముందు కొలిచి రాసుకోండి, మూడు నెలలకి హెచ్‌బిఎ1సి, అంటే గడిచిన రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష, చేయిస్తే అసలు బండారం తేలుతుంది. అప్పటికి దానిలో మార్పేమీ లేకపోతే ఆ మూలిక మీకు పనిచెయ్యట్లేదు, మొహమాటం లేకుండా ఆపెయ్యండి. ఆపరేషన్ ఏదన్నా ఉంటే రెండు వారాల ముందే మూలికలన్నీ ఆపాలి, మత్తు డాక్టర్‌కి కూడా చెప్పాలి. గర్భంతో ఉన్నవాళ్ళు కాకర రసం, కలబంద రసం లాంటివి మందుగా అసలు వద్దు.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి గ్లిఫ్లోజిన్ మాత్రలు వాడేవాళ్ళకి ఒక్క మాట ప్రత్యేకంగా. డీటాక్స్ పేరుతో తిండి మానేసి కషాయాల మీద ఉండటం మీకు డేంజర్. షుగర్ 200 లోపే ఉండి కూడా రక్తంలో కీటోన్లు, అంటే ఒళ్ళు కొవ్వు కరిగించినప్పుడు పుట్టే ఆసిడ్లు, పేరుకుపోవచ్చు, మీటర్ బాగానే ఉంది కదా అని మోసపోతారు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే కీటోన్ టెస్ట్ అడగండి.

ప్రశ్న: పొడపత్రి ఆకు నమిలాక ఏది తిన్నా తీపి తెలియట్లేదు, నాలుకకి ఏమన్నా జబ్బా? నేను గ్లిక్లజైడ్ వాడతాను.

జవాబు: జబ్బు కాదు, ఆ ఆకు పనే అది. అందులో ఉండే జిమ్నెమిక్ ఆసిడ్లు నాలుక మీద తీపిని గుర్తుపట్టే చోటుకి అడ్డుపడతాయి, అరగంట నుంచి గంటలోపు మామూలైపోతుంది, పంచదార వేసుకుంటే ఇసక నమిలినట్టు ఉంటుంది. తీపి మీద మనసు పోకుండా ఉంటుందని కొందరు అందుకే నములుతారు. ఐతే మీరు గ్లిక్లజైడ్ వాడుతున్నారు, అది కూడా పిండే మాత్రే, కాబట్టి ఆ గంటలోనే షుగర్ పడిందనుకోండి, గ్లూకోజ్ నీళ్ళు తాగితే చప్పగా ఉంటాయి, ఇదేంటి గ్లూకోజ్ పాడైందా అని పక్కన పెట్టకండి. నాలుకకి తెలీదంతే, రక్తానికి తెలుస్తుంది, మొత్తం తాగెయ్యండి.